బిడ్డకు నీళ్ళు పోసే కాళ్ళు

కొమ్ము, గిట్ట, గోరు, వెంట్రుక, చర్మం పైపొర. వీటన్నిటిలో ఉండేది కెరటిన్ అనే గట్టి ప్రోటీనేనని మదనపల్లెలో మైక్రోబయాలజీ చదివేటప్పుడు రాసుకున్నాను. ఆ ఏడాదే మా పెద్దమ్మ కాళ్ళకు తామర వచ్చింది.

పెద్దమ్మది పుంగనూరు. పెదనాన్న పోయాక ఒక ఆవును పెట్టుకుని పాలు పోసేది. ఒక్కతే కూతురు. ఆ అక్క తొలి కాన్పుకు కుప్పం నుంచి పుట్టింటికి వచ్చి ఉంది. మా వైపు పసిబిడ్డకు నీళ్ళు పోసేది అమ్మమ్మే. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి మడిచి, కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసి పోస్తుంది. వీధిలో చాలామంది బిడ్డలకు పెద్దమ్మే పోసింది. ఇప్పుడు సొంత మనవడి కోసం ఎదురుచూస్తోంది.

ఆమె పిక్కల మీద గుండ్రటి మచ్చలు చూశాను. అంచు ఎర్రగా, పొట్టు లేస్తూ ఉంది. పాలు పితికేటప్పుడు దూడను కాలికి ఆనించి నిలబెట్టుకోవడం ఆమె అలవాటు. దూడ మెడ మీద, కంటి చుట్టూ బూడిదరంగు చెక్కులు కట్టి ఉన్నాయి.

“ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా?”

“అదేం లేదప్పా. మెడికల్ షాపులో ట్యూబు ఇచ్చినాడు. పూస్తే రెండు దినాలకే దురద నిలిచిపోతాది. మల్లా వస్తాది. మల్లా పూస్తాండాను.”

ట్యూబు తిప్పి చదివాను. స్టెరాయిడ్ ఉంది. అది ఎరుపును అణిచింది, తామరకు మూలమైన బూజును కాదు.

పొట్టును కాగితంలో గీకి కాలేజీకి తీసుకుపోయాను. మైక్రోస్కోపు కింద సన్నటి బూజు దారాలు కనిపించాయి. ల్యాబులో చక్కెర పెట్టి పెంచినంత కాలం ఈ బూజు కెరటిన్ జోలికి పెద్దగా పోదని మా లెక్చరర్ చెప్పారు. చక్కెర అయిపోయి కెరటిన్ ఒక్కటే మిగిలితే తన తీరే మార్చుకుంటుంది. కెరటిన్‌ను బిగించి ఉంచే గంధకపు కట్లను ముందు తెంపుతుంది, తర్వాత ఎంజైములతో ముక్కలు చేసి మింగుతుంది. ఆ తిండి నుంచి వచ్చే అమోనియా చర్మానికి సహజంగా ఉండే ఆమ్లపు పులుపును పోగొడుతుంది. పులుపు పోయిన చోట ఆ ఎంజైములు ఇంకా బాగా పనిచేస్తాయి. ఇదంతా పెద్దమ్మకు చెప్పాను.

“అంటే నన్ను తింటాందా?”

“పైన చచ్చిపోయిన పొరనే. లోపలికి రాదు.”

“సచ్చిందాన్ని తిననీలేప్పా. బిడ్డకు నీళ్ళు పొయ్యొచ్చునా, కూడదా? అది సెప్పు.”

కూడదన్నాను. డాక్టరూ అదే అన్నాడు. నెలల తరబడి మాత్రలు వాడాలి, దూడకూ మందు పూయాలి, పలుపుతాడు కాల్చేయాలి. పెద్దమ్మ అన్నీ చేసింది.

మగబిడ్డ పుట్టాడు. కాన్పు కష్టమైంది, అక్కకు ఇంకో కాన్పు వద్దన్నారు. నీళ్ళు పోయడానికి కుప్పం నుంచి అక్క అత్తగారు వచ్చి పీట మీద కూర్చుంది. పెద్దమ్మ నీళ్ళు కాచి గడప ఇవతల నిలబడేది.

“మెడ పట్టుకో వదినా, మెడ!”

“నేనూ ముగ్గురిని పెంచినాలేమ్మా. నీళ్ళు సల్లారతాండాయి, ఇట్ల నూకు.”

పెద్దమ్మ బిందెను లోపలికి జరిపి, చేతులు వెనక్కి తీసుకునేది.

ఐదో నెలలో బిడ్డను కుప్పం తీసుకుపోయారు. మచ్చలు మాసినట్టే మాసి, దూడ నుంచి మళ్ళీ అంటుకున్నాయి. మళ్ళీ మాత్రలు. చివరికి ఆమె పిక్కల నుంచి గీకిన పొట్టులో దారాలు లేవు. ఆ మాట చెప్పేసరికి పాలు పితుకుతోంది. చెంబు పక్కన పెట్టి అడిగింది.

“కుప్పానికి బస్సు ఎప్పుడుండాది?”

మేం పోయేసరికి బిడ్డ గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. పెద్దమ్మ స్నానాలు చేసే బచ్చలింట్లో పీట వేసుకుని కాళ్ళు చాపింది. పిక్కలకు నూనె కూడా రాసుకుంది. అక్క బిడ్డను పడుకోబెట్టింది. వాడు బిగుసుకుని, పక్కకు దొర్లి లేచాడు. బకెట్లో చేతులు ముంచి నవ్వసాగాడు.

“పెద్దోడైపోయినాడు కదమ్మా. పడుకోడు.”

“రారా నాయనా, ఒక్క సెంబు.”

వాడు ఆమె మొహం మీద నీళ్ళు చల్లి అక్క చంక ఎక్కాడు.

పెద్దమ్మ కాళ్ళు ముడుచుకోలేదు. చెంబు ముంచి మోకాళ్ళ నుంచి పాదాల దాకా తన కాళ్ళ మీదే మెల్లగా పోసుకుంది. కళ్ళలో నీళ్ళు పడకుండా బిడ్డ నుదుటికి అడ్డం పెట్టే ఎడమచెయ్యి, అలవాటుగా, ఏమీ లేని చోట ఒంగి నిలిచింది.