నేను పెట్టని సంతకం

అక్క పోయిందని మా వీధికి చెప్పింది ఒక కాగితం. పోయిన బుధవారం ఉదయం ఆమె కూతురు వచ్చి, మూసి ఉన్న జిరాక్సు షాపు షట్టరు మీద నాలుగు లైన్లు రాసి అంటించి వెళ్లింది. తెల్లవారుతుండగా గుండెపోటు వచ్చిందట, విజయవాడ తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందట. దరఖాస్తులు పట్టుకుని వచ్చినవాళ్లు అది చదివి అక్కడే నిలబడిపోయారు. పెనుగొలను నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చదువు రానివాడు, ఏం రాశారు బాబూ అని నన్ను అడిగాడు. చదివి వినిపించాను.

తిరువూరులో తహసీల్దారు ఆఫీసుకి పని మీద వచ్చేవాళ్లందరికీ ఆమె జిరాక్సు మేడమ్. పక్క షట్టరులో ఫొటో స్టూడియో నడుపుకునే నాకు అక్క. ఇరవై ఏళ్లుగా గోడకి ఈ పక్క నేను, ఆ పక్క ఆమె. ఆమె మెషీను చప్పుడు ఆగితే కరెంటు పోయిందని నాకు తెలిసేది.

ఆమె దగ్గర అర్జెంటుగా పని చేయించుకోవడం ఎవరి తరమూ కాదు. అర్జీ రాశాక మొత్తం చదివి వినిపించేది. వినకుండా సంతకం పెట్టనిచ్చేది కాదు. బస్సుకి టైమవుతోందండీ అంటే, "ఇంకో బస్సు వస్తుంది. ఈ కాగితం లోపలికి పోయాక మళ్లీ మీ చేతికి రాదు" అనేది. లైనులో వెనక ఉన్నవాళ్లు విసుక్కునేవారు. నేనూ విసుక్కునేవాణ్ణి, నా స్టూడియో ముందు బళ్లు అడ్డం పెట్టేది వాళ్లే మరి. అయినా మర్నాడు అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. వేలిముద్ర వేసేవాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టి, పాడైన కాపీలు వెనక్కి తిప్పి, పేరు రాయడం నేర్పేది. అలా నేర్చుకున్నవాళ్లలో గంపలగూడెం వైపు పత్తి చేలలో కూలికి వెళ్లే ఒక పెద్దావిడ ఉంది. సంతకం కుదిరిన రోజున మా ఇద్దరికీ సోడాలు తాగించి మరీ వెళ్లింది.

పోయిన అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఒక మధ్యాహ్నం అక్క స్టూడియోలోకి వచ్చి, వెనక తెల్లగుడ్డ కట్టి ఫొటో తియ్యమంది. దేనికక్కా అంటే, నామినేషనుకి అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"వాగు మీద వంతెన కోసం అర్జీ ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు తమ్ముడూ. ఇక్కడ రాసేవాళ్లం ఉన్నాం. అక్కడ కూర్చుని చదివేవాళ్లు ఒకరుండాలి కదా. నేను వెళ్తాను."

గెలుస్తావా అని అడిగాను. నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు గెలుస్తారు, అది నేనెందుకు కాకూడదు అంది. ఏమాత్రం తడుముకోలేదు.

గెలవలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. షేర్ ఆటోల్లో ఊరూరూ తిరిగింది. మామిడి తోటల్లో కాయలు కోసేవాళ్ల దగ్గరికి కూడా వెళ్లి, కరపత్రం చేతిలో పెట్టి ఊరుకోకుండా చదివి వినిపించి మరీ ఇచ్చింది. ఫలితాలు వచ్చిన మర్నాడు తొమ్మిదింటికల్లా షట్టరు ఎత్తి, వచ్చేసారి ఇంకొంచెం ముందుగా మొదలుపెట్టాలి అంది. ఓడిపోయిన మనిషిలా ఒక్క పూట కూడా లేదు. జనం ఆ ఓట్ల సంగతి మర్చిపోయారు. నేను మర్చిపోలేనిది నామినేషన్ల ఆఖరి రోజు.

పార్టీ లేనివాళ్లు నిలబడాలంటే నియోజకవర్గం ఓటర్లు పదిమంది ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. రోజూ ఆమె బెంచీ మీద కూర్చునేవాళ్లే ఆ రోజు షాపు ముందు నుంచి తల దించుకుని పోయారు. పన్నెండు దాటేసరికి తొమ్మిదిమంది అయ్యారు. గడువు మూడింటికి. మా బిల్డింగు ఓనరు ఒక పార్టీలో తిరిగే మనిషి. షాపు ఖాళీ చెయ్యమంటే నేనెక్కడికి పోవాలి? కెమెరా తుడవడం మొదలుపెట్టాను, అప్పటికే శుభ్రంగా ఉన్న కెమెరాని. అక్క గోడ ఇవతలికి వచ్చింది.

"నువ్వు భయపడి పెట్టకపోతే నాకేం కోపం లేదు తమ్ముడూ. మొహమాటానికి మాత్రం పెట్టొద్దు."

నేను పెట్టలేదు.

ఆమె వెనక్కి వెళ్లి, ఆ తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి, తన కాగితాలు మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది. టైము చూసుకోమ్మా అని ఎవరో అన్నా ఆపలేదు. వయసు, పదో తరగతి చదువు, రెండు గదుల ఇల్లు, కేసులేమీ లేవు, అన్నీ వినిపించింది. అప్పుడే నాకు క్యారేజీ తెచ్చిన మా ఆవిడ ఏమిటది అని అడిగింది. చెప్పాను. ఎంతమంది అయ్యారంది. తొమ్మిదిమంది అన్నాను. నువ్వు పెట్టావా అని అడగలేదు. నా మొహం చూసి, క్యారేజీ బల్ల మీద పెట్టి పక్క షాపులోకి వెళ్లింది.

"మొదటి నుంచి చదవండి వదినా, నేనూ వినాలిగా" అనడం గోడ అవతల నుంచి వినిపించింది. అక్క మళ్లీ మొదటి నుంచి చదివింది.

నామినేషను అయ్యాక ఓనరు వచ్చి, మీలో సంతకం ఎవరు పెట్టారని అడిగాడు. నేనే పెట్టానండి, ఏదన్నా ఉంటే నన్నడగండి అంది మా ఆవిడ. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. నా షాపు ఇప్పటికీ అక్కడే ఉంది. అక్క ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, రోజూ లాగే గోడ మీద తట్టి టీకి పిలిచేది. ఆ మంచితనానికి నేను చాలా రుణపడ్డాను.

ఆ రోజు రెండున్నరకి వాళ్లంతా బయల్దేరారు. నామినేషన్లు తీసుకునేది మా ఎదురుగా ఉన్న తహసీల్దారు ఆఫీసు ఆవరణలోనే. అభ్యర్థితో నలుగురినే లోపలికి వెళ్లనిస్తారు కాబట్టి మిగతా ఆరుగురూ బారికేడు దగ్గర ఎండలో వరసగా నిలబడ్డారు. వరసలో మొదట ఉన్నది మాకు సోడాలు తాగించిన పెద్దావిడ, చివర మా ఆవిడ, తల మీద కొంగు కప్పుకుని. స్టూడియో గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా ఆవిడ నన్ను చూసింది. చూసి, ఇంకో మనిషి పట్టేంత పక్కకి జరిగింది. నేను గుమ్మం దిగలేదు.