తిరగెయ్యకూడని పోగు

బొగ్గు నల్లగా ఉంటుందని మా బావ కూర్మారావు ముందు ఎవరూ అనకూడదు. అన్నారా, చేతిలో పని పక్కన పెట్టి కూర్చోవలసిందే. "ఎవులు సెప్పినారు నీకు? గోధుమ రంగు బొగ్గుంది. నాను పంతొమ్మిదేళ్ళు ఎత్తినాను" అని మొదలుపెడితే ఆయన నోటికి తాళం వేసే మనిషి పలాస చుట్టుపక్కల లేడు.

ఆయనది ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. మా అక్క దమయంతి భర్త. మా వైపు అక్కను అప్ప అంటాం కాబట్టి ఇకమీదట అప్ప అనే రాస్తాను. అన్నదమ్ముల పంపకాలు పోగా మిగిలిన జీడితోట ఇల్లు గడపడానికి చాలక, బావ ఎవరో మేస్త్రీ వెంట తమిళనాడు వెళ్ళాడు. చివరికి నైవేలి గనుల్లో కాంట్రాక్టు కూలీగా కుదురుకున్నాడు. తిత్లీ తుఫానుకు తోట నేలమట్టమైనప్పుడు కూడా ఆయన అక్కడే ఉన్నాడు. పడిపోయిన చెట్లు కోయించడం, కొత్త మొక్కలు నాటించడం, పలాసలో జీడి ఫ్యాక్టరీ పనికి పోవడం అన్నీ అప్పే చూసుకుంది. మోకాళ్ళు అరిగిపోయాక రెండేళ్ళ కిందట బావ తిరిగొచ్చాడు. మా వైపు ఇంటింటా కిడ్నీ జబ్బే కాబట్టి, ఇద్దరు కలిస్తే ముందు క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. ఈయన మాత్రం ఎవరు కనబడినా గోధుమ రంగు బొగ్గు గురించి చెప్పేవాడు. ఊళ్ళో ఆయనకు మట్టిబొగ్గు మావ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నేను టెక్కలిలో హైస్కూలు సైన్సు మాస్టారుని. లిగ్నైట్ అనే ఆ బొగ్గును క్లాసులో ఒకటిన్నర వాక్యంలో తేల్చేసేవాణ్ణి. బావ ఒప్పుకునేవాడు కాదు.

"దేశంలో తవ్వే బొగ్గు వంద బస్తాలనుకో మాస్టారూ, అందులో నాలుగు బస్తాలు ఇదే" అనేవాడు.

అనుమానంతో వెతికి చూశాను. లెక్క ఇంచుమించు సరిపోయింది. కరెంటు దగ్గరకొస్తే వంద యూనిట్లలో రెండే. ఆ మాట దొరికిందని సంబరపడి, "రెండు యూనిట్లకే ఇంత గొప్పా బావా?" అన్నాను.

"సాయంత్రం ఆరింటికి సూర్యుడు దిగిపోతాడు. సోలారు పడుకుంటాది. అప్పుడు తమిళనాడోలు, మనోలు అందరూ ఒక్కసారే స్విచ్చులేత్తారు. నల్ల బొగ్గు రైలెక్కి ఎక్కడినించో రావాల. ఇదైతే గనిలోంచి బెల్టెక్కి పక్కనున్న పొయ్యిలోకి పోతాది. ఆ రెండు యూనిట్లు నేకపోతే నీ ఫ్యాను తిరుగుతాదో నేదో సూసుకో" అన్నాడు. తరవాత తనే గొంతు తగ్గించి, "పొగ మాత్రం ఎక్కువే. అబద్ధమెందుకూ" అన్నాడు.

ఆయన పని ఆ బెల్టు కిందే. పైనుంచి రాలిన బొగ్గు పొడిని రోజంతా పారతో ఎత్తాలి. ఆ బొగ్గులో సగం నీళ్ళే. ఎక్కువ దూరం మోస్తే పిండైపోతుంది. ఎండబెట్టి వదిలేస్తే దానంతట అదే రాజుకుంటుంది. అందుకే తవ్విన చోటే కాల్చేస్తారు. ఇదంతా ఆయన చెబుతుంటే అప్ప వంటింట్లోంచి, "మావా, ఆ బొగ్గు కడుపు నింపదు గాని అన్నానికి రా" అని కేకేసేది. ఆయన నవ్వుకుంటూ లేచి వెళ్ళేవాడు.

బావ మాటను అలా కొట్టిపారేసే ధీమా అప్పకు ఊరికే రాలేదు. ఫ్యాక్టరీ కళ్ళంలో జీడిపిక్కలు ఆరబెట్టించే పెద్ద మేస్త్రీ ఆవిడే. తడి తగిలిన పిక్కలను పోగు పోస్తే లోపల వేడెక్కి పప్పు నల్లబడుతుంది. మా అప్ప చెయ్యి మోచేతి వరకూ పోగులోకి దూర్చి, ఒక్క క్షణం ఉంచి తీసి, "ఇప్పుడే తిరగెయ్యండి" అనో, "సాయంత్రం దాకా ఉండనీ" అనో చెబుతుంది. ముప్పై ఏళ్ళలో ఆ చెయ్యి తప్పిందని ఎవరూ అనలేదు. ఫ్యాక్టరీ యజమాని శ్రీనివాస్ అయినా ఆ చెయ్యి చెప్పింది వినవలసిందే.

ఆ శ్రీనివాస్ ఈ ఏడు కట్టెలు దొరక్క, పిక్కలు ఉడికించే బాయిలరుకు రెండు లారీల బొగ్గు దించుకున్నాడు. ఏదో దేశం నుంచి ఓడలో విశాఖ వచ్చిందట. చేత్తో నలిపితే కాఫీ పొడిలా రాలుతోందని అప్ప చెప్పగానే బావ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"తవ్విన సోటే కాల్సాల్సినదాన్ని ఓడెక్కించి, లారీ ఎక్కించి పలాస తెచ్చినారా! ఎక్కడ పోసినారు?"

"గోడౌను గోడకి ఆనించి పోసినారు. నీకెందుకు?"

ఆ గోడౌను నిండా పిక్కల బస్తాలు. దానికి అవతల పప్పు పొట్టు తీసే షెడ్డు. అందులో నలభై మంది ఆడవాళ్ళు కూర్చుని పనిచేస్తారు. షెడ్డుకు ఒకటే తలుపు. ఆ పోగును అక్కణ్ణించి తీయించమని బావ మరునాడే వెళ్ళి శ్రీనివాస్‌తో చెప్పి చూశాడు. ఆయన మర్యాదగా విని, టీ ఇప్పించి పంపేశాడు.

జూన్‌లో మూడు రోజులు వాన కొట్టి, వెంటనే ఎండ విరగకాసింది. ఆ ఆదివారం నేను వాళ్ళింట్లో ఉన్నాను. సీజను కాబట్టి అప్ప పనికి వెళ్ళింది. పదింటికి నాకు ఫోను చేసింది.

"తమ్ముడూ, ఇయాల నాకు ఆలీసమౌతాది. ఆ బొగ్గు పోగు పొగలు కక్కుతంది. శ్రీనివాసు బాబు నన్నే సూడమన్నారు. సెయ్యి పెట్టి సూసినాను, తడిపిక్కల్లాగే ఉడుకుతంది. తిరగేయిత్తన్నాను."

ఫోను స్పీకరులో ఉంది. బావ విస్తరి ముందునుంచి లేచిపోయాడు. తిరిగి చేస్తే అప్ప ఎత్తలేదు. ఫోను సంచిలో పడేసి పనిలోకి దిగిపోయి ఉంటుంది. బండి తియ్యమని బావ నా చొక్కా పట్టుకు లాగాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. నిజం చెప్పొద్దూ, దారంతా నాకు విసుగే. వేడెక్కినదాన్ని తిరగేస్తే వేడి పోతుంది కదా, ఇందులో తప్పేముందని సైన్సు మాస్టారినైన నేనే అనుకున్నాను.

మేం వెళ్ళేసరికి ఆరుగురు ఆడవాళ్ళు పారలు పట్టుకుని పోగు చివర తవ్వుతున్నారు. గాలిలో కిరసనాయిలు లాంటి వాసన. బావ కుంటుకుంటూ పరుగెత్తి, పోగుకూ పారలకూ మధ్య నిలబడ్డాడు.

"ఆపండే! ఎవులూ ముట్టుకోకండి!"

అప్ప ముఖం ఎర్రబడింది. "ఇంటికాడ సాల్దని ఇక్కడికీ తెచ్చినావేటి నీ బొగ్గు ఊసు? నలుగుర్లో నా పరువు తీత్తావా?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. శ్రీనివాస్ ఆఫీసు గదిలోంచి వచ్చి, "కూర్మారావూ, దమయంతి చెయ్యి పెట్టి చెప్పాక ఇంకెవరూ చెప్పక్కర్లేదయ్యా. పక్కకు రా" అన్నాడు.

బావ కదల్లేదు. తల వంచుకుని నేలతో చెబుతున్నట్టు చెప్పాడు.

"నైవేలి గనిలో సేరకముందు, ఒక సిల్లర బొగ్గు యాపారి యార్డులో కుదిరినాను. మొదటి వానాకాలం. పోగు ఇలాగే పొగలు కక్కింది. తిరగెయ్యొద్దని అక్కడోలు అరవంలో అరిసినారు, నాకు అర్థం కానేదు. మా వైపు పిక్కలకి ఇలాగే సేత్తామని నానే పార పట్టినాను. నాతోపాటు కూలికొచ్చిన నందిగాం నరహరిని నానే పిలిసి పోగెక్కించినాను. తిరగేసిన కాడల్లా లోనికి గాలి సొరబడింది. లోపల నిప్పులైపోయి ఉన్నాది. పైన పొర కూలి, ఆడు మోకాళ్ళ దాకా దిగిపోయినాడు."

నవ్వులు ఆగిపోయాయి.

"పిక్కలకి గాలి తగిల్తే సల్లబడతాయి. దీనికి గాలి తగిల్తే మండుతాది. నాను సూసినాను. ఆడి కాళ్ళు సూసినాను." తల ఎత్తి అప్ప వైపు చూశాడు. "నీ సెయ్యి పిక్కల కాడ తప్పదు దమయంతీ. ఇది పిక్క కాదు."

అప్ప ఆయన్ని చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం ఇంకా పోలేదు, భయం అప్పటికే వచ్చేసింది. "పారలు దించండే" అంది.

దించుతుండగానే, అంతకుముందు తవ్విన చోట పొడి జారి కింద ఎర్రగా కనబడింది. జానెడు మంట పైకి లేచింది. గోడకు నాలుగడుగుల దూరం కూడా లేదు. ఎవరో "ఓలమ్మో" అని కేక పెట్టారు. అప్ప అప్పటికే షెడ్డు వైపు పరుగెడుతోంది, నలభై మందినీ బయటకు పిలవడానికి.

ఆ తరవాత పని చెప్పింది బావే, విన్నది అందరూ. గోడౌనులో గోడ పక్కన ఉన్న బస్తాలన్నీ బయటకు మోశారు. జేసీబీ తెప్పించి, మండుతున్న మూలను దాంతో కొద్దికొద్దిగా తీయించి, దూరంగా ఖాళీ నేల మీద పల్చగా పరిపించి నీళ్ళు కొట్టించాడు. మిగతా పోగు మీద ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు. జేసీబీ తొట్టితోనే చుట్టూ అదిమించి, గాలి చొరకుండా తడిమట్టి మెత్తించాడు. మధ్యాహ్నం మూడింటికి పొగ తగ్గింది. ఎవరి ఒంటి మీదా చిన్న బొబ్బ కూడా లేదు. శ్రీనివాస్ చేతులు పట్టుకోబోతే బావ ఒళ్ళంతా మట్టని వెనక్కి జరిగాడు. నాకు సిగ్గేసింది. ఆ మాట ఆయనతోనే అన్నాను. "పోనీ మాస్టారూ, రేపు క్లాసులో ఇంకో రెండు వాక్యాలు సెప్పు" అన్నాడు.

కుళాయి దగ్గర ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే అప్ప వచ్చి పక్కన నిలబడింది. నేను అక్కడే ఉన్నానన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

"ఆ నరహరి బతికున్నాడా?"

"ఉన్నాడు. నందిగాంలోనే. కర్రల మీద నడుత్తాడు. నెలకోపాలి ఎల్లి సూసొత్తాను."

"టెక్కలి ఆసుపత్రికని సెప్పి ఎల్లేది అక్కడికా?"

ఆయన రెండో కాలు కుళాయి కింద పెట్టాడు.

"దేశమంతా సెప్పినావు ఆ బొగ్గు గురించి. ఈ ముక్క నాకెందుకు సెప్పనేదు మావా? సెప్పుంటే ఇయాల నాను పార పట్టించేదాన్నా?"

బావ కుళాయి కట్టేశాడు.

"పోగు తిరగెయ్యడం నాకెవులు నేర్పినారే? పెళ్ళైన కొత్తలో, కళ్ళంలో, నా సెయ్యి పట్టుకుని పిక్కల్లో దూర్సి నువ్వే కదా నేర్పినావు. సెప్తే ఆ పాపంలో నీకూ వాటా ఉందనుకుంటావని సెప్పనేదు."

అప్ప కుడిచేతిని పమిటతో తుడుచుకుంది. మోచేతి దాకా గోధుమ రంగు పొడి అంటుకుని ఉంది, ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు.

"వాటా ఉంది" అంది. "రేపు నందిగాం నాను కూడా వత్తాను."