వంకర సారు గీసిన తెరలు

మా వంకర సారుకు తిన్నగా గీత గీయడం రాదు. స్కేలు చేతికిచ్చినా రాదు. ఆయన గీసిన గడులు చూస్తే మెట్ల మీంచి జారిపడుతున్న మనుషులు గుర్తొచ్చేవారు. ముప్పై ఏళ్లుగా కంప్యూటర్ తెరలు తయారుచేస్తున్నా, ఏ కొత్త తెరనైనా ముందు చిత్తుకాగితం మీద పెన్సిలుతో గీయనిదే కీబోర్డు ముట్టేవారు కాదు. వంకర సారనే పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పిలిస్తే హాయిగా పలికేవారు.

ఆ ఏడాది ఒక ఆసుపత్రి ల్యాబు సాఫ్ట్‌వేరును తెరలు తయారుచేసే కొత్త టూల్‌కిట్‌లోకి మార్చే పని మాకు పడింది. పాత టూల్‌కిట్‌ను దాన్ని తయారుచేసినవాళ్లే వదిలేశారు. కొత్తదానిలో బటన్లు మెరుస్తాయి, పేజీలు తేలుతూ వస్తాయి. నేను మూడు రోజులు కూర్చుని చూడముచ్చటైన నమూనా చేసి, రక్తం ట్యూబులు నమోదు చేసే అక్కయ్యకు చూపించాను. ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల దగ్గరే పనిచేస్తున్న మనిషి. చేతులు ఒళ్లో పెట్టుకుని, చూపించినదానికల్లా "బాగుందండీ" అంది. కొత్త సాఫ్ట్‌వేరు రానివాళ్లను అక్కణ్ణించి తీసేస్తారని అప్పటికే పుకారు పుట్టిందట. ఆ సంగతి తెలియక నేను పొంగిపోయాను.

మర్నాడు వంకర సారు నన్ను వెంటబెట్టుకుని, తాను తెరలు గీసిన కాగితాల కట్టతో వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.

"ఇవాళ నేనే కంప్యూటర్ని. మీరు కాగితం మీద వేలు పెట్టండి, నేను పనిచేస్తాను."

ఆవిడ వేలు పెడితే ఆయన గబగబా ఇంకో కాగితం పరిచేవారు. కాగితం దొరక్క కుర్చీ కింద వెతుక్కుంటూ, "హ్యాంగయ్యాను, ఆగండి" అన్నారు. అక్కయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాతి కాగితం చూసి ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. ఇది బటనా, వానలో తడిసిన అట్టపెట్టా అని అడిగింది. ఆయన తలగోక్కున్నారు. "ఇలా ఇవ్వండి" అని ఆవిడే రబ్బరు తీసుకుని చెరిపింది. ఒక గడిని పైకి జరిపింది, రెండింటిని కొట్టేసింది. చివరికి అసలు మాట బయటికొచ్చింది.

"గడిగడికీ మౌస్ పట్టుకోవాలంటే చూపు తిప్పాలండీ. పాతదాంట్లో ఎంటర్ కొట్టుకుంటూ పోతాను, కళ్లు ట్యూబు మీదే ఉంటాయి. చూపు తప్పితే ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీదకి వెళ్లిపోతుంది."

నా నమూనాలో మౌస్ ముట్టకుండా ఏ గడిలోకీ పోలేం.

ఆ ల్యాబు తెరలన్నీ చివరికి అక్కయ్య దిద్దినట్టే తయారయ్యాయి, ఎంటర్ ఒక్కటి కొట్టుకుంటూ పోయేలా. కొత్త సాఫ్ట్‌వేరు మొదలైన రోజు ల్యాబులో మిగతా ఎనిమిది మందికీ ఆవిడే నేర్పింది. ఆవిణ్ణి తీసేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఏదో సంతకం కోసం సారు ఇంటికి వెళ్లాను. గోడ మీద ఒక పెన్సిలు బొమ్మ ఉంది. నిద్రపోతున్న పసిపాప. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఎవరు గీశారని అడిగితే, సారు భార్య ఆయన్ని చూపించి, ఈయనే, పాప మా మనవరాలమ్మా అన్నారు.

నేను నోరు తెరిచి ఆయన వైపు తిరిగాను. ఆయన దొంగతనం బయటపడినవాడిలా చూపు దించుకున్నారు.

"తిన్నగా గీస్తే చెరపడానికి ఎవరికీ చెయ్యి రాదమ్మాయ్," అన్నారు మెల్లగా. "ఆఫీసులో మాత్రం అనకు. ఈ పేరు తెచ్చుకోవడానికి చాలా కష్టపడ్డాను."

ఎవరికీ చెప్పలేదు. నేను కూడా వంకరగా గీయడం మొదలుపెట్టాను. రెండేళ్లయింది, ఇంకా ఆయనంత బాగా రావడం లేదు.