జేజి నరికిన నిమ్మకొమ్మలు

నా చిన్నప్పుడు, మార్కాపురం తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, మా పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉండేది. దాని పెత్తనమంతా మా జేజిది, అంటే మా నాయన తల్లిది. నీళ్లు పోసే పని మాది, కాయ కోసే హక్కు మాత్రం మాకు లేదు. ఆ హక్కు పక్కింటి అక్కకు ఉండేది. ఆమె చెయ్యి చల్లనిదని జేజే అనేది.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఆకుల మీదా కాయల మీదా గోధుమరంగు గరుకు మచ్చలు లేచాయి. చెట్టుకు గజ్జి పట్టిందన్నారు. నాయన దిష్టికని పాత చెప్పు కట్టాడు. మచ్చలు ఇంకా పెరిగాయి. ఎవరో ముట్టులో ఉండి చెట్టును తాకారని జేజికి అనుమానం. అంటే ఇంకెవరు, అక్కే! బావి దగ్గర పదిమందిలో ఆమెను నిలదీసింది. తాను తాకలేదని అక్క ఎంత చెప్పినా వినలేదు. మా ఊళ్లో మాటకు కాళ్లెక్కువ. వారం తిరక్కుండానే అక్కను ఏ ఇంట్లోనూ ఊరగాయ జాడీ దగ్గరికి రానివ్వలేదు. అందరూ వెళ్లాకే ఆమె బావికి వచ్చేది.

కొన్నాళ్లకు జేజి కొనకనమిట్లలో తన చెల్లెలి ఇంటికి వెళ్లింది. తిరిగొచ్చిన రోజు కాళ్లయినా కడుక్కోకుండా పెరట్లో మంట వేసి, కొడవలి తీసుకుని మచ్చలున్న కొమ్మలను కాయలతో సహా నరకసాగింది. కాసే చెట్టును నరికితే పాపమని మాకు నేర్పింది ఆమే. జేజికి మతి పోయిందనుకున్నాను. నరికిన కొమ్మనల్లా మంటలో వేసి, కొడవలిని కాల్చి గాని ఇంకో కొమ్మను ముట్టలేదు.

పొగ చూసి చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. అక్క కూడా వచ్చింది. జేజి అందరి ముందూ ఆమెతోనే చెప్పింది.

"దీనికి గజ్జి అంటిచ్చింది నేనే. మా చెల్లెలి చెట్టుకు మనదానికంటే ముందే ఉండాదంట. వానల్లో ఆడికి పోయినప్పుడు ఎండుకొమ్మలు కొట్టి, అదే కొడవలి తెచ్చి దీన్నీ కొట్టినా. తడిలో గజ్జి కొడవలికి అంటుకోని వస్తాదంట. నీ చెయ్యి మంచిదే తల్లీ. పాపిష్టిది నా చెయ్యి."

తిట్టే జేజి నాకు తెలుసు. తప్పు ఒప్పుకునే జేజిని చూడడం అదే మొదలు. కొమ్మలు నరికినప్పటికన్నా అప్పుడే ఎక్కువ నివ్వెరపోయాను. అక్క ఏడవలేదు.

"కొమ్మలు కాలిస్తివి సరే, ఊరంతా పాకిన మాటను ఏంజేస్తావు జేజీ?" అని మెల్లగా అడిగి వెళ్లిపోయింది.

మరునాటి నుంచి జేజి ఇల్లిల్లూ తిరిగి తప్పు తనదేనని చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు ఊరికే తలూపారు. చెట్టు మళ్లీ చిగిర్చి కాపుకొచ్చింది. జేజి కొంగులో కాయలు పట్టుకెళ్లి ఇస్తే అక్క తీసుకుంది కానీ, మా పెరట్లో మళ్లీ అడుగుపెట్టలేదు.

ఇప్పటికీ కత్తెరకు సెగ చూపించనిదే నేను కొమ్మ కత్తిరించను, తడిగా ఉన్న చెట్టును ముట్టను. ఎవరి చెయ్యి పడి మొక్క పాడైందో అని ఎవరైనా అంటే మాత్రం ఈ వయసులోనూ ఊరుకోను. ముందు నీ కత్తి చూసుకోమని కసురుకుంటాను.