అతికించిన నవ్వు

మా పై వాటాలో ఉండే ఆవిడని అందరూ అద్దాలక్క అంటారు. గాజు పలకల మీద బొమ్మలు వేస్తుంది. అందులో ఓ తిరకాసు ఉంది. రంగు వేసేది వెనకవైపు, మనం చూసేది ముందువైపు నుంచి. అందుకని కాగితం మీదైతే ఆఖర్న దిద్దే కంటి మెరుపు, పెదవి గీత ఇక్కడ అన్నిటికంటే ముందు వేసెయ్యాలి. ఆ తర్వాతే ముఖం, బట్టలు, చిట్టచివర గోడ, ఆకాశం. పొర మీద పొర ఎక్కాక మొదటిదాన్ని ముట్టుకునే దారే లేదు.

కొత్తగా కట్టిన ఆసుపత్రివాళ్లు వెయిటింగ్ హాలుకి ఓ పెద్ద బొమ్మ అడిగితే, అక్క వాళ్ల అత్తగారిని వేసింది. మామగారికి ఒంట్లో బాగాలేని రోజుల్లో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, తలుపు వైపే చూస్తూ ఆసుపత్రి బెంచీ మీద ఆవిడ కూర్చున్న తీరు. పెదాలు బిగించి ఉంటాయి. ఏడుపు బయటికి రాకుండా అలా బిగించేదట. ఆ ఒక్క గీత కుదరక అక్క ఎన్ని పలకలు తుడిచి మళ్లీ మొదలుపెట్టిందో నేను చూశాను. అత్తగారు మాత్రం, బతికుండగానే నన్ను గోడకెక్కించావే అని మురిసిపోయింది.

అద్దం హాల్లో బిగించాక మేనేజరు ఫోన్ చేశాడు. బొమ్మ బ్రహ్మాండంగా ఉందిట. కానీ పెద్దావిడ దిగులుగా ఉందిట, చూసినవాళ్లు బెంగపడతారుట, కాస్త నవ్వించాలిట. పెదాలేగా, రెండు నిమిషాల పని అన్నాడు. ఆ రెండు నిమిషాల పనికి ఆకాశం దగ్గర్నుంచీ గీక్కుంటూ రావాలని అక్క ఓపిగ్గా చెప్పింది. సరే, అలాగే ఉంచుదాం అన్నాడు. మేమూ నమ్మాం.

ప్రారంభం రోజున అత్తాకోడళ్లతో నేనూ వెళ్లాను. చూస్తే ఏముంది, బోర్డులు రాసే అతన్నెవర్నో పిలిచి అద్దానికి ముందువైపు ఎర్రటి నవ్వు వేయించారు. మందపాటి గాజు కదా, మనం పక్కకి జరిగితే ఆ నవ్వు పెదాల మీంచి తప్పుకుంటోంది. దాని వెనక అసలు పెదాలు బిగుసుకునే ఉన్నాయి. అడక్కుండా ఓ మనిషి నోటి మీద చెయ్యి వేసినట్టుంది. నాకే ఒళ్లు మండిపోయింది, ఇక అక్క సంగతి చెప్పాలా.

అద్దాల పనివాళ్ల సంచీలో బ్లేడు ఎప్పుడూ ఉంటుంది. అక్క అది తీసి బొమ్మ ముందు నిలబడింది. మేనేజరు పరుగున వచ్చి, అందరూ చూస్తున్నారమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు.

"మీరు కూర్చోండి. ఇది నేను నిలబడి చేసుకోవాల్సిన పని."

పైపైన వేసిన రంగు పొట్టులా రాలింది. వెనకున్న బొమ్మకి ఏమీ కాలేదు.

ఆయన అక్కడితో ఊరుకున్నాడా. రేపు మళ్లీ వేయిస్తామని గొణిగి, అత్తగారి వైపు తిరిగాడు. మీరైనా చెప్పండి, నవ్వితే మీరెంత బావుంటారు అన్నాడు.

ఆవిడ బొమ్మ కిందే కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచీ. పెదాలు అచ్చం అలాగే.

"మా ఆయన లోపల పడుకుని ఉన్నప్పుడు కూడా ఒకాయన ఇలాగే వచ్చి కాస్త నవ్వమన్నాడు బాబూ. ఎప్పుడు నవ్వాలో నేను చూసుకుంటాను. మీరు లోపలున్నవాళ్లని చూసుకోండి."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. అక్క ఆఖరి ఎర్ర మరక గీకేసి, బ్లేడు కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకోబోయింది. అత్తగారు చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వవే. బీపీ చూపించుకోడానికి ఇకమీద ఇక్కడికి వారం వారం వచ్చేది నేనేగా."