ఎవరికీ జ్ఞానతండ్రి కాని ఎలిసియో

మా ఊళ్లో చేతిలో కాస్త డబ్బాడే మగవాడికి జ్ఞానపుత్రులు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తారు. చర్చిలో పసిబిడ్డ నెత్తిన నీళ్లు పోసేటప్పుడు పక్కన నిలబడితే చాలు, ఆ బిడ్డకు రెండో తండ్రి అయిపోయినట్టే. కన్నవాళ్లకు ఆ రోజు నుంచి ఆయన కుంపారే. కుంపారే అంటే మాటలా? సొంత వియ్యంకుడి మాటైనా తోసెయ్యొచ్చు గానీ కుంపారే మాట తోసెయ్యడానికి లేదు. పడవ బాగుచేయించాలన్నా, పిల్లకి ఉద్యోగం కావాలన్నా, తాగి గొడవపడ్డ మొగుణ్ణి పోలీసు స్టేషన్ నుంచి తెచ్చుకోవాలన్నా కుంపారే ఇంటికే పరుగు. క్రిస్మస్ పొద్దున కానుకల కోసం జ్ఞానపుత్రులు వరస కడతారని మా మేయరు ఏటా ముందురోజే భార్యతో సహా ఊరొదిలి పారిపోతాడు.

అలాంటి ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ యజమాని ఎలిసియో పమోనాగ్‌కి ఒక్క జ్ఞానపుత్రుడు కూడా లేడు. అడిగేవాళ్లు లేక కాదు. అడిగినవాళ్లలో అందరికన్నా గట్టిగా అడిగింది నేను. కాదంటే అందరికన్నా ఎక్కువ మండిపడిందీ నేనే.

నా పేరు పెతాంగ్. రేవులో చేపలమ్ముతాను. ఎలిసియో మా వీధివాడే, నాకన్నా కాస్త పెద్ద. అందుకే చిన్నప్పటి నుంచి మనోంగ్ అనే పిలిచాను, అంటే అన్నయ్య. బాస్కెట్‌బాల్ బాగా ఆడతాడని సిటీలో ఒక కాలేజీవాళ్లు ఫీజు లేకుండా చదువు చెబుతామని తీసుకుపోయారు. బాగా అంటే ఏం బాగు? పొడగరి కాదు. బంతి బుట్టలో వెయ్యడం అంతంతమాత్రం. కానీ ఎదుటి జట్టులో మొనగాణ్ణి చూపించి "వీడు నీవాడు" అంటే చాలు, ఆట అయ్యేదాకా వాణ్ణి వదిలేవాడు కాదు. అందుకే జలగ అని పేరు పడింది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఐసు ఫ్యాక్టరీలో ఎండ్రకాయలా పక్కకి పక్కకి అడుగులేస్తూ తిరిగేవాడు. ఆ నడక చూసి కొత్తగా వచ్చిన పనివాళ్లు నవ్వాపుకోలేకపోయేవాళ్లు.

ఊరంతా రేడియో చుట్టూ మూగిన రోజు నాకు బాగా గుర్తు. కాలేజీల ఫైనల్. అప్పట్లో ఒక మర్యాద ఉండేది. రిఫరీ ఈల వేసి ఫౌల్ అన్నాక తప్పు చేసినవాడు చెయ్యెత్తి ఒప్పుకోవాలి. మనోంగ్ కోచ్ ఈ మర్యాదని కుర్రాళ్ల ఎముకల్లోకి ఎక్కించేశాడు. ఆట అయిపోవస్తోంది, మనవాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. మనోంగ్ చెయ్యి ఎదుటివాడి మోచేతికి తగిలింది. రిఫరీ చూడలేదు, ఈల వెయ్యలేదు. మనవాడు మాత్రం అలవాటుకొద్దీ ఠక్కున చెయ్యెత్తేశాడు! ఆ చెయ్యి చూసి రిఫరీ ఈల వేశాడు. ఫౌల్‌కి దక్కిన రెండు బంతులూ ఎదుటివాడు బుట్టలో వేశాడు, మనం ఓడాం.

తర్వాత ఏళ్ల తరబడి ఊరు అతన్ని నవ్వుతూనే చంపుకుతింది. చర్చిలో జుట్టు సర్దుకున్నా వెనక బెంచీ నుంచి "చెయ్యి దించు ఎలిసియో, ఈల వేస్తారు" అనేవాళ్లు. పెళ్లిలో ఫాదర్ "సోలెదాద్‌ని భార్యగా స్వీకరిస్తావా" అని అడిగితే, ఎవడో "చెయ్యెత్తి చెప్పు" అని అరిచాడు. మేం సోలింగ్ అని పిలిచే ఆ పెళ్లికూతురు కూడా పకపకా నవ్వేసింది. ఆయన కూడా నవ్వేవాడు. నేనైతే కొట్టేదాన్ని.

తండ్రి పోయాక ఐసు ఫ్యాక్టరీ చేతికొచ్చింది. వ్యాపారంలో మాత్రం ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదు. పెద్ద పడవలవాళ్లు ముందు వచ్చి నిలబడినా, సముద్రంలోకి ముందు పోయే చిన్న పడవలకే ముందు ఐసు. "నీ పడవలో ఐసు పెట్టె ఉంది, ఆగగలవు. వాడికి గోనెసంచీ తప్ప ఏముంది?" అని పెద్దవాళ్ల మొహం మీదే అనేవాడు. కరెంటు పోయి దిమ్మలు కరిగిపోతుంటే తలపట్టుకు కూర్చోకుండా, బండిలో ఊక పరిచి ముక్కలన్నీ వేసుకుని వీధివీధీ తిరిగి పంచేసేవాడు. పెద్ద తుఫాను తర్వాత ఆస్పత్రిలో మందులు పాడవకుండా కాచింది ఆ ఐసే. తెల్లారకముందే ఇసుక మీద పరుగు, ఆ తర్వాత రంపం పట్టి ఐసు కోత. అదే ఆయన దినచర్య.

ఇక ఆయన మెడలోకి రిఫరీ ఈల వచ్చిన సంగతి. మే నెలలో మా ఊరి పండక్కి రెండు పేటల మధ్య బాస్కెట్‌బాల్ ఫైనల్ జరుగుతుంది. సముద్రం ఒడ్డున మేము, కొండవైపు వరి పండించేవాళ్లు. ఒక ఏడు రిఫరీ కొండపేట పెద్దకి కుంపారే అయ్యాడు. ఆఖర్లో కొండవాళ్లకి అనుకూలంగా ఈల వేశాడు. అది సరైన ఈలో కాదో దేవుడికి తెలియాలి. రాళ్లు లేచాయి. కొండపేట కుర్రాడికి ఒక కన్ను పోయింది. మరుసటి ఏడు పండగే లేదు. మా చేప వాళ్లు కొనరు, వాళ్ల బియ్యం మేం కొనం. రెండు పేటల మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

రెండు పేటల పెద్దలూ కూర్చుని, ఈల ఎవడికిద్దాం అని తలలు బద్దలుకొట్టుకున్నారు. ప్రతివాడూ ఎవడికో ఒకడికి కుంపారేనే. చివరికి కొండపేట పెద్దే అన్నాడట, "ఆ చెయ్యెత్తే వాణ్ణి పిలవండి. తన జట్టునే ఓడించుకున్నవాడు, మనల్ని మోసం చెయ్యడు" అని. మనోంగ్ ఒప్పుకున్నాడు. అయితే ఆ రోజే ప్రమాణం చేశాడు, ఈల తన మెడలో ఉన్నన్నాళ్లూ ఈ ఊళ్లో ఎవరికీ కుంపారే కానని. తన పిల్లలకి కూడా ఊరివాళ్లని పెట్టుకోలేదు. సిటీకి తీసుకెళ్లి పాత కాలేజీ స్నేహితుల్ని పక్కన నిలబెట్టి నీళ్లు పోయించాడు. సోలింగ్ వారం పాటు మొహం మాడ్చుకుంది. అప్పటి నుంచి ఫైనల్లో రాయి లేవలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ అడిగాను.

మా ఆయన బెర్తో ఓడ మీద పనికి పోయాడు. నా కొడుకు జెర్సన్ కడుపులో ఉండగానే ఆ ఓడ మునిగింది. నెలలు నిండకుండానే నొప్పులొస్తే, మనోంగ్ ఐసు బండిలోని దిమ్మలన్నీ రోడ్డు పక్కన దింపించేసి, ఊక మీద పరుపేసి, మిట్టమధ్యాహ్నం నన్ను సిటీ ఆస్పత్రికి తోలుకెళ్లాడు. బిడ్డ బతికాడు. ఇక రెండో తండ్రిగా ఎవర్ని అడుగుతాను?

ఫ్యాక్టరీకి వెళ్లేసరికి దిమ్మ కోస్తున్నాడు.

"మనోంగ్, ఆదివారం బాబుకి జ్ఞానస్నానం. నువ్వే నిలబడాలి."

రంపం ఆగింది. "ఐసు అడుగు పెతాంగ్. బండి అడుగు. ఇది మాత్రం అడక్కు."

"వాడికి తండ్రి లేడు."

"తెలుసు."

"తెలిసే అంటున్నావా? ముష్టి ఈల ముక్క కోసమా?"

"నీకు కుంపారేనైతే వచ్చే మే నెలలో కొండవాళ్లు నా ఈల వినరు. వినకపోతే ఏమవుతుందో నువ్వూ చూశావు."

"చూశాను. ఊరంతా నీకు కావాలి. నా కొడుకు ఒక్కడే అక్కర్లేదు."

ఆయన రంపం అందుకున్నాడు. మళ్లీ కోత మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చర్చి గంట కొట్టే ముసలాయన్ని బతిమాలి నిలబెట్టాను. ఆ ముసలాయనకి చెవుడు, బిడ్డ పేరు కూడా తప్పు పలికాడు. ఆ తర్వాత చాలాకాలం మనోంగ్‌తో మాటల్లేవు. పౌరుషానికి పోయి పక్క ఊరి నుంచి ఐసు తెప్పించుకున్నాను. అది దారిలోనే సగం కరిగిపోయేది. మధ్యాహ్నానికి నా చేప దగ్గర జనం ముక్కు మూసుకునేవాళ్లు. సోలింగ్ వచ్చి "పెతాంగ్, నీ కోపం మార్కెట్టంతా వాసనొస్తోందే" అంటే, నవ్వు ఆపుకోలేక ఆ రోజే మళ్లీ మనోంగ్ ఐసు కొన్నాను. కానీ ఆ కోపం తప్పని ఇప్పటికీ అనను.

జెర్సన్ ఆయన కళ్లముందే పెరిగాడు. పొద్దున్నే ఇసుక మీద ఏ పేట పిల్లలొచ్చినా మనోంగ్ ఆట నేర్పేవాడు. వాళ్లలో వీడూ ఒకడు. వీడికని ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, ఒక్క దెబ్బ తక్కువ వెయ్యలేదు. ఒకసారి చిన్నప్పుడు "అమ్మా, సార్ నన్ను అందరిలాగే ఎందుకు చూస్తాడు?" అని అడిగాడు. వాణ్ణి అందరిలా చూడొద్దనే కదా నేను కోరుకున్నది! తిండి తినమన్నాను.

వాడు పెద్దవాడై, లోకంలో ఇంకెవరూ దొరకనట్టు కొండపేట అమ్మాయి లీగయాని ప్రేమించాడు. వాళ్లమ్మ తాల్యాకి నోరెక్కువ. నాకు తక్కువా? ఆ ఏడు ఫైనల్లో కోర్టుకి ఈ పక్క నేను, ఆ పక్క తాల్యా.

"మీవాడు పరిగెడుతున్నాడా, వల లాగుతున్నాడా?" అని అరిచింది.

"మీవాళ్లు నాట్లేస్తున్నారా? వంగినవాళ్లు లేవడం లేదు!" అని నేను.

ఆట అయిపోవస్తోంది. మేం ఒక్క పాయింటు వెనక ఉన్నాం. బంతి జెర్సన్ చేతిలో ఉంది. దూసుకెళ్లాడు. దారిలో కొండపేట కుర్రాడు కదలకుండా నిలబడ్డాడు. వాణ్ణి గుద్దేసి, ఇద్దరూ కిందపడుతుంటే బంతి బుట్టలో పడింది. మా పేట మొత్తం గాల్లోకి లేచింది. అప్పుడు ఈల వినబడింది. నిలబడ్డవాణ్ణి గుద్దితే తప్పు గుద్దినవాడిదే. బుట్ట చెల్లదన్నాడు మనోంగ్.

"నీకు కళ్లున్నాయా!" అని గొంతు చించుకుని అరిచాను. మా పేట పెద్దాయన కోర్టులోకెళ్లి "ఇంకోసారి ఆలోచించు ఎలిసియో" అన్నాడు. "ఆలోచించే వేశాను" అన్నాడు ఆయన. నా పక్కనే ఒకడు రాయి అందుకున్నాడు. ఇంకొకడు వాడి చెయ్యి పట్టుకుని "ఎవరి మీద వేస్తావురా? ఆయన ఎవరి మనిషి?" అన్నాడు. రాయి పట్టినవాడు కాసేపు ఆలోచించి కింద పారేశాడు. జెర్సన్ లేచి బంతి తెచ్చి మనోంగ్ చేతిలో పెట్టాడు. నేను ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. ఓడినందుకు కాదు. ఆ రోజు ఏ తల్లీ రక్తం కారుతున్న కొడుకుని ఇంటికి తీసుకెళ్లలేదు. నా కొడుకు దగ్గర లాక్కున్నది ఎక్కడికి పోయిందో అప్పుడు కళ్లారా చూశాను, అందుకు.

ఆ తర్వాత మోకాళ్లు మొరాయించాయని మనోంగ్ ఈల వదిలేశాడు. పక్క ఊరి నుంచి కొత్తగా వచ్చిన పీటీ టీచరమ్మ మెడలో వేశాడు. ఆ వారంలోనే ఇస్త్రీ చొక్కా వేసుకుని, సోలింగ్‌ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. మా దగ్గర పెళ్లిళ్లకి కూడా జ్ఞానతండ్రులు నిలబడతారు.

"జెర్సన్ పెళ్లికి జ్ఞానతండ్రులు కావాలటగా. ఖాళీ ఉందా పెతాంగ్?"

"ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా? నిండిపోయింది."

"వరసలో చివరైనా ఫరవాలేదు."

"చెవిటి ముసలాయన కన్నా ముందా, వెనకా?"

"ఆయన పోయాడుగా" అన్నాడు అమాయకంగా. సోలింగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాఫీ వంకతో వంటింట్లోకి పోయాను. కళ్లు తుడుచుకుని వచ్చాను గానీ కాఫీ తేవడం మర్చిపోయాను. జెర్సన్ ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు.

పెళ్లి వచ్చే జూన్‌కి కుదిరింది. తాల్యా పెళ్లి విందు కోసం పందిని మేపడం మొదలుపెట్టింది. జెర్సన్ రోజూ పొద్దున ఫ్యాక్టరీకెళ్లి ఆయనతో దిమ్మలు కోసేవాడు. సార్ అనడం మానేసి ఏమని పిలవాలో తెలియక, "ఇదుగో" అంటూ నెట్టుకొచ్చాడు.

మే నెల చివర్లో మనోంగ్ రంపం పట్టుకునే కూలిపోయాడు. గుండె. ఆస్పత్రికి చేరకముందే పోయాడు. శవం ఇంట్లో ఉన్నన్ని రోజులూ కొండపేటవాళ్లు జీపుల్లో బియ్యం వేసుకుని వచ్చారు, మావాళ్లు చేప తెచ్చారు. ఒకే పొయ్యి మీద వండి, ఒకే బల్ల మీద తిన్నారు. కొబ్బరి కల్లు కూడా కలిసే తాగారు. ఒక్క గొడవ లేదు.

సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చాక చూస్తే, జెర్సన్ చొక్కాకి చిన్న నల్లగుడ్డ ముక్క గుచ్చి ఉంది. తండ్రి పోతే కన్నపిల్లలు ఏడాది పాటు పెట్టుకునేది అది.

"ఎవరిచ్చార్రా?"

"సోలింగ్ పెద్దమ్మని నేనే అడిగాను."

"అది పెట్టుకున్నవాడికి ఏడాది దాకా పెళ్లి చెయ్యరు. తెలుసా?"

"తెలుసమ్మా."

మర్నాడు కొండపేటకి వెళ్లాం. తాల్యా పందికి కుడితి పోస్తోంది. విషయం వినగానే బకెట్టు కింద పెట్టేసింది.

"ఎవరు పోయారని ఆపుతారయ్యా? ఆయన మీకు రక్తమా? చుట్టమా? ఇంకా జ్ఞానతండ్రిగా చర్చిలో నిలబడనైనా లేదు!"

"మా నాన్న ఇప్పుడు పోయి ఉంటే ఆగేవారా అత్తమ్మా?" అన్నాడు జెర్సన్.

"నాన్నయితే ఎందుకాగను? ఆగేదాన్ని."

"అయితే ఆగండి."

లీగయా వచ్చి వాడి పక్కన నిలబడింది. తాల్యా వాడి చొక్కా మీది నల్లగుడ్డని చూసింది, నా వైపు చూసింది. ఆమె మెడలో తువ్వాలుతో కళ్లూ ముక్కూ తుడుచుకుని మళ్లీ బకెట్టు ఎత్తుకుంది.

"ఇంకో ఏడాది మేత నావల్ల కాదు. సగం నువ్వు పంపాలి పెతాంగ్" అంది.

పంపాను.