జమున నవ్వని నవ్వు

ఫిబ్రవరి నెల. పొద్దు బాగా ఎక్కాక జమున మొక్కజొన్న చేనుకు నీళ్లు కడుతుంటే నడుముకు దోపుకున్న ఫోను మోగింది. చేసింది ఆమె భర్త హరిలాల్. భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పనిలో ఉంటాడు. నెలకోసారి గార్ల దగ్గరున్న తమ తండాకు వచ్చి, రెండు రోజులుండి పోతాడు. డ్యూటీ వేళలో అతని ఫోను రావడమేమిటా అనుకుంటూ ఆమె పార కింద పెట్టింది.

"ఏడున్నవ్?" అన్నాడు హరిలాల్.

"ఏడుంట? చేన్ల."

"నిజం చెప్పు. మందుల కంపెనోళ్లతోని ఏమన్న మాట్లాడినవా?"

"ఏం కంపెనీ? ఏమైంది నీకు?"

"నువ్వు గీడ బస్టాండు కాడ గోడ మీదున్నవ్. ఎర్రటి మిర్చి తోటల నిలబడి నవ్వుతున్నవ్. చాయ్ తాగనీకి పోతే పక్కనోడు, నీ ఇంటామె లెక్కనే ఉన్నదే అన్నడు. లెక్క కాదు, నువ్వే."

కాసేపటికి ఫోనుకు ఫొటో వచ్చింది. ఎండకు కనబడక జమున మోటారు గది నీడకు పోయి చూసింది. పెద్ద ఫ్లెక్సీ. పైన "తామర పురుగు పోయింది, తోట నవ్వింది" అని అక్షరాలు. కింద మందు డబ్బా. నడుమ తను. చీర తనదే, కొంగు చుట్టుకున్న తీరూ తనదే. కానీ చుబుకం మీద చిన్నప్పుడు పొడిపించిన మూడు పచ్చబొట్టు చుక్కలు లేవు. ఒంటి రంగు బాగా తేలింది. అన్నిటికన్నా విచిత్రం పళ్లు. తొమ్మిదేళ్లప్పుడు చేతిపంపు పిడి తగిలి జమున ముందుపన్ను సగం విరిగింది. అప్పటినుంచి నవ్వొస్తే పెదవులు మూసుకునే నవ్వుతుంది. ఫ్లెక్సీలో మాత్రం నోరారా నవ్వుతోంది, పలువరస ముత్యాల పేరులా ఉంది.

మళ్లీ ఫోను మోగింది.

"ఎవడు తీసిండు?" అన్నాడు హరిలాల్.

"పేపరాయన. పంట పోయినప్పుడు. నీకు చెప్పిన గద."

"అప్పుడు ఏడ్చిన అన్నవ్. గీడ నవ్వుతున్నవ్." గొంతు తగ్గించాడు. "గిట్ల నువ్వు నా ముందట ఎప్పుడన్న నవ్వినవా?"

జమున నాలుక కొనతో విరిగిన పన్నును తడుముకుంది.

ఆమెను ఎరిగినవాళ్లెవరూ ఆమెను ఎవరైనా మోసం చేయగలరని అనుకోరు. డోర్నకల్ వైపు ఒక తండాలో పుట్టి, నాలుగో తరగతితో బడి మానేసి, పద్దెనిమిదేళ్లకు కోడలిగా ఇక్కడికి వచ్చింది. వచ్చిన మూడో ఏడే నకిలీ విత్తనాలతో తోటంతా గొడ్డుపోయింది. ఆనాటినుంచి అనుమానం ఆమెకు పనిముట్టయింది. విత్తనాల ప్యాకెట్ వెలుతురుకు పట్టి చూసి గానీ కొనదు. మిర్చి బస్తాను ఇంట్లో ఒకసారి, మార్కెట్లో ఒకసారి తూయించి గానీ అమ్మదు. తండా ఆడవాళ్లు ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేయాలంటే ముందు జమునకు చూపించుకునేవాళ్లు.

అలాంటిది, డిసెంబరులో దయాకర్ అనే విలేకరి ఫొటో తీస్తానంటే వద్దనలేదు. ఆ ఏడు నల్ల తామర పురుగు పూతలో దూరి, మిర్చి తోటలను నిలువునా ఆరబెట్టేసింది. ఆకులు పైకి ముడుచుకుపోయాయి, పూత రాలిపోయింది. జమున ఎకరన్నరలో ఎక్కడ చూసినా ఎండు కొమ్మలే. ఒక్క మోటారు గది పక్కనున్న మూల మాత్రం, ఎందుకో ఏమో, పచ్చగా నిలబడి కాత పట్టింది. దయాకర్ మానుకోట నుంచి బండి మీద వచ్చాడు. "పేపర్ల పడితే పైనోళ్లు కదులుతరక్కా" అన్నాడు. ముడుచుకున్న ఆకును పట్టుకుని చూపించమన్నాడు. చూపిస్తూ చూపిస్తూ ఆమె నిజంగానే ఏడ్చింది.

రెండు రోజులకు పేపర్లో వచ్చింది. తండా అంతా చూసింది. జమున కూడా చూసింది, ఒకటి గమనించింది. తన వెనుక పచ్చగా కనబడాల్సిన మూల పేపర్లో లేదు. అక్కడా ఎండు మొక్కలే ఉన్నాయి. ఫొటోలో సరిగ్గా పడలేదేమోలే అనుకుంది. అలా అనుకోవడం ఆ పూట ఆమెకు అవసరం కూడా. పేపరు మడిచి పెట్టెలో దాచుకుంది. తరువాత అందరిలాగే తోట పీకించి మొక్కజొన్న వేసింది, ఆ మూల మాత్రం కాయ ఏరుకున్నాకే పీకి వేసింది.

భూపాలపల్లి ఫ్లెక్సీ వారం తిరక్కుండానే గార్లకూ వచ్చింది. బజారులో ఎరువుల దుకాణం ముందే కట్టారు. ఇక తండాలో మాటలు మొదలయ్యాయి. పక్కింటి నీలి ఆమెకు చెల్లెలి వరస. పొద్దున లేస్తే ఒకరి పొయ్యి నిప్పు ఒకరు తీసుకునేంత దగ్గరితనం. ఆ నీలే ఆరోజు నీళ్ల దగ్గర మొహం తిప్పుకుంది.

"ఏందే, పలుకవు?" అంది జమున.

"పేపరోళ్లకు పంట పోయిందని చెప్పినవ్. కంపెనోళ్లకు పండిందని చెప్పినవ్. మాకేం చెప్తవక్కా?"

"నేను ఎవ్వలకు చెప్పలేదు. అది నా నవ్వు కాదే."

"మొఖం నీదే, నవ్వు నీది కాదా?" నీలి బిందె ఎత్తుకుని పోయింది.

మరునాడు వ్యవసాయ విస్తరణాధికారి స్వరూప నుంచి కబురొచ్చింది. ఈ మేడం జనగామ దిక్కు బచ్చన్నపేట మనిషి, పత్తి రైతు ఇంట్లో పుట్టింది. రైతులను కసురుకునే రకం కాదు. అయినా ఆ రోజు జమునను కూర్చోమనలేదు. బల్ల మీద సర్కారు పరిహారానికి రాసిన పంట నష్టం జాబితా ఉంది. జమున పేరు చుట్టూ ఎర్ర గీత.

"పేపర్ల ఏడుపున్నది, ఫ్లెక్సీల నవ్వున్నది. పైనోళ్లు నన్ను అడుగుతున్నరు. నేను ఏది రాసుకోవాలె?"

"మీరు తోటకొచ్చి చూడున్రి మేడం."

"తోట ఏడున్నది జమునమ్మా? పీకి మక్కలు వేస్తివి. ఇప్పుడు నాకున్న సాక్ష్యం ఆ ఫొటోలే."

జమున బయటికి వచ్చి ఎరువుల దుకాణం ఎదురుగా నిలబడింది. విత్తనాల ప్యాకెట్‌ను చూసినట్టే ఫ్లెక్సీని కిందినుంచి పైదాకా చూసింది. కింది మూలన చీమ తలంత అక్షరాల్లో అచ్చు వేసిన దుకాణం పేరు, మానుకోట అని ఉంది. దాని పక్కనే తన పాదాలున్నాయి. కుడికాలి చెప్పుకు పిన్నీసు పెట్టుకుంది ఆనాడు. ఆ పిన్నీసు కూడా కనబడుతోంది.

ఆమెకు ఠక్కున తట్టింది. ఇంటికి పోయి పెట్టెలోంచి పేపరు తీసి చూసుకుంది. అందులో ఫొటో మోకాళ్ల దాకానే ఉంది.

మరునాడు ప్యాసింజరు బండెక్కి మానుకోటలో దిగింది. దయాకర్ స్టేషను బయట చాయ్ బండి దగ్గర దొరికాడు. ఆమెను చూడగానే లేచి, "అక్కా, మంచిగున్నవా? చాయ్ తాగు" అన్నాడు.

"చాయ్ తర్వాత. నా ఫొటో కంపెనోళ్లకు ఎవరిచ్చిండ్రు?"

"నాకేం తెల్వదక్కా. నేను కూడ చూసి పరేషాన్ అయిన. ఎవడో పేపర్ల నుంచి కొట్టేసుంటడు."

జమున సంచిలోంచి పేపరు తీసి బల్ల మీద పరిచింది. "పేపర్ల నాకు కాళ్లు లేవు. ఫ్లెక్సీల ఉన్నయి. చెప్పు పిన్నీసుతోని సహా. కాళ్లున్న ఫొటో ఎవరి తానున్నది?"

దయాకర్ గ్లాసు కింద పెట్టాడు. ఎవరో ఫోను చేసినట్టు చెవికి ఆనించుకుని పక్కకు తొలిగాడు. అతని ఫోను మోగనే లేదని జమున గమనించింది. ఇక అక్కడ నిలబడకుండా ఫ్లెక్సీ దుకాణం అడుగుతూ పోయింది.

ఆ దుకాణం కృపాకర్ అనే అతనిది. నడివయసు మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆమె మొహం చూడగానే గుర్తు పట్టాడు. పది రోజుల కింద గంటలకొద్దీ చూసిన మొహమాయె.

"నువ్వేనా అమ్మా! కూసో."

ఇలా మర్యాదగా మొదలుపెట్టినవాడిని నమ్మాలో వద్దో ఆమెకు తోచలేదు. నిలబడే అడిగింది. "నా పన్ను ఎవరు అతికిచ్చిండ్రు?"

"నేనే." అతను దాచలేదు. "పెండ్లి ఫొటోల మొటిమలు తీసెయ్యుమంటరు, తీసేస్త. చచ్చిపోయినోళ్ల కండ్లు తెరువుమంటరు, తెరుస్త. గిది కూడ గట్లనే చేసిన. నాకేం తెలుసు, నువ్వు ఒప్పుకోలేదని?"

"ఆ పండ్లు ఎవరియి?"

"ఏమో. నెట్‌ల దొరికినయి."

అతను కంప్యూటరు తెరను జమున వైపు తిప్పాడు. మొదట ఫ్లెక్సీ బొమ్మ వచ్చింది. అతను ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు. నవ్వు పోయింది, ఏడుపు మొహం వచ్చింది. ఎర్ర కాయలు పోయి ముడుచుకున్న ఆకులొచ్చాయి. చుక్కలు చుబుకం మీదికి తిరిగి వచ్చాయి. చివరికి అసలు ఫొటో మిగిలింది. తన వెనకాల, మోటారు గది పక్కన, ఆ పచ్చటి మూల ఎక్కడిదక్కడే ఉంది.

"మరి పేపర్ల గిది లేదేంది?"

కృపాకర్ కళ్లజోడు కిందికి దించుకున్నాడు. "అది కూడ నేనే తీసేసిన. దయాకర్ పంపిండు. పచ్చగున్నకాడ ఎండినట్టు చెయ్యమన్నడు. తర్వాత కంపెనీ పని కూడ ఆయనే తెచ్చిండు, అదే ఫొటో ఇచ్చి."

అప్పటికి దయాకర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇక బుకాయించలేదు. "యాడ్‌లు తేకపోతే పేపరోళ్లు ఐడీ కార్డు గుంజుకుంటరక్కా. కంపెనోళ్లు ఈ దిక్కు రైతు మొఖమే కావాలన్నరు."

"మరి వార్తల గా మూల ఎందుకు తీసేపిచ్చినవ్?"

"సగం పచ్చగుంటె ఎవడు చూస్తడు? చూసినోడి గుండె కలుక్కుమనాలె. గదైతే నీ మంచికే చేసిన."

"నా మంచికే ఎక్కువ ఏడిపిచ్చినవ్, నీ మంచికి నవ్విపిచ్చినవ్. నన్ను ఒక్కపారన్న అడిగినవా?"

అంతమాట అన్నాక ఆమెకు ఆనాడు పెట్టెలో మడిచి పెట్టిన పేపరు గుర్తొచ్చింది. ఆ పచ్చటి మూల లేదని తనకు తెలుసు. తెలిసీ, లాభమేమోనని ఊరుకుంది. ఆ రోజే అడిగి ఉంటే వీడు రెండోసారి చెయ్యి పెట్టేవాడా? ఏమో, పెట్టేవాడే కావచ్చు. కానీ అడగలేదు మరి.

"మూడు ఫొటోలు అచ్చేసి ఇయ్యి. పేపర్లది, ఫ్లెక్సీది, అసలుది," అంది కృపాకర్‌తో.

"బయటికి పోతే నా షాపు బద్నాం అయితదమ్మా."

జమున స్టూలు లాక్కుని గుమ్మంలో కూర్చుంది. పుట్టినరోజు ఫ్లెక్సీకని ఒకరు, శుభలేఖలకని ఒకరు వచ్చారు. వచ్చినవాళ్లంతా ఆమె మొహమూ, తెర మీది మొహమూ మార్చి మార్చి చూశారు. గంట తరువాత కృపాకర్ మూడూ అచ్చేసి ఇచ్చాడు.

గార్ల బండిలో వస్తుంటే ఆమెకు మరో గుబులు పట్టుకుంది. అసలు ఫొటో చూపిస్తే ఆ పచ్చటి మూలా బయటపడుతుంది. పేపరు ముక్క ఒక్కటే చూపించి, ఫ్లెక్సీ అబద్ధమంటే సరిపోతుంది కదా? మేడం అడిగింది రెండిట్లో ఏది నిజమనే గానీ, రెండూ అబద్ధమా అని అడగలేదు. స్టేషను వచ్చేదాకా ఆ ఆలోచన ఆమెను వదల్లేదు.

స్వరూప బల్ల మీద మూడు ఫొటోలూ వరుసగా పెట్టింది జమున. పేపరు ఫొటో మీద వేలు పెట్టి, "గిది అబద్ధం మేడం" అంది. ఫ్లెక్సీ మీద పెట్టి, "గిది కూడ" అంది. మూడోది ముందుకు జరిపింది. "గిది నిజం. రెండొంతులు పోయింది. ఒక వంతు మిగిలింది. మిగిలినకాడ కాయ ఏరుకున్న."

స్వరూప మూడో ఫొటోను చాలాసేపు చూసింది. ఆమె చూపు ఫొటో మీదినుంచి జమున మొహం మీదికి, మళ్లీ ఫొటో మీదికి పోయింది. "గిది గూడ మార్చింది కాదని నాకెట్ల తెలుస్తది?"

జమునకు కోపం రాలేదు. తనైనా అదే అడిగేది. "నేనైతే మా నాయిన చూపిచ్చినా నమ్మను మేడం. మోటారు గది పక్కకు వచ్చి చూడున్రి. గా మూల మొదళ్లు నేను లేటుగ పీకిన, మక్క కూడ లేటుగ మొలిచింది. మీకే ఎర్కయితది."

స్వరూప బండి తీసింది. చేనులో మోటారు గది పక్కన మొక్కజొన్న మిగతా చేనుకన్నా జానెడు పొట్టిగా ఉంది. ఆమె గట్టు మీద నిలబడే రాసుకుంది.

కంపెనీ మీద స్వరూప పైకి రాసింది. పది రోజులకు కంపెనీ మనిషి ఒకడు జమునకు ఫోను చేసి చాలా మెత్తగా మాట్లాడాడు. "అమ్మా, పొరపాటు జరిగిందండి. మీకు ఇష్టమైతే మీ అనుమతితోనే ఇంకో ఫొటో తీసుకుందామండి."

"మీ మందు నేను ఎన్నడు కొట్టలేదు," అని జమున ఫోను పెట్టేసింది. గార్లలో ఫ్లెక్సీలు మూడు రోజుల్లో మాయమయ్యాయి. పేపరు మాత్రం తాను వేసిన ఫొటో గురించి ఒక్క ముక్క వేయలేదు. దయాకర్ ఇప్పటికీ విలేకరే, కాకపోతే ఈ తండా దారిన రాడు.

నెలాఖరుకు హరిలాల్ ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే ఫొటోలు అడిగాడు. మూడూ మంచం మీద పరిచి చూసి, ఏడుస్తున్న ఫొటో చేతిలోకి తీసుకున్నాడు.

"భూపాలపల్లిల ఇంక ఉన్నది ఫ్లెక్సీ. చింపేద్దామని రెండుసార్లు పోయిన."

"మరి చింపకపోతివి?"

"నీ మొఖమాయె గద. చెయ్యి రాలే."

ఆమెను అనుమానించినందుకు అతను క్షమాపణేమీ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. ఆ పూట అన్నంలోకి కోడిని కోసింది.

ఏప్రిల్‌లో పంట నష్టం జాబితా రైతు వేదిక గోడకు అంటించారు. ఆడవాళ్లంతా పోయారు. నీలి కూడా వచ్చింది. అప్పటికి మాటలు కలిశాయి గానీ, పొయ్యి నిప్పు ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా మొదలుకాలేదు. జమున వేలు పెట్టి పేర్లు చదువుకుంటూ వచ్చింది. తన పేరు దొరికింది, పక్కన రెండొంతుల నష్టమని ఉంది. ఇంకొంచెం కిందికి పోతే నీలి పేరు. పక్కన పూర్తి నష్టమని రాసి ఉంది. సంక్రాంతి ముందర నీలి తోటలో సగం కాత నిలబడే ఉంది. ఏరడానికి కూలికి పోయింది జమునే.

"ఏం చూస్తున్నవక్కా గంతసేపు?" నీలి వెనకనుంచి అడిగింది.

జమున వేలు గోడ మీదినుంచి తీసేసింది.

"నా పేరున్నదా లేదా అని చూస్తున్న."

"ఉన్నదా?"

"ఉన్నది. నీది గూడ ఉన్నది," అని నీలి కళ్లలోకి చూసింది. నీలి కొంగు సర్దుకుని, ఎండ ముదురుతోంది పోదాం పా అంది. ఇద్దరూ తండా దారి పట్టారు, ఒకరి వెనుక ఒకరు.